పాత డెస్క్‌టాప్‌కు కొత్త ఎడిటరు: 'స్త్రీ' పెట్టిన పరీక్ష

బెంగళూరు మారతహళ్ళిలో నేనుండే అద్దె ఇంటి హాల్లో, 2015లో ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని బిగించుకున్న డెస్క్‌టాప్ ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది. నాలుగో తరం ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, తర్వాత చేర్చిన ఒక ఎస్‌ఎస్‌డి, అందులో లినక్స్, ఇంతే దాని ఆస్తి. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఆఫీసు పనికి తప్ప ముట్టుకోను కనుక, సాయంత్రాలూ శని ఆదివారాలూ నేను సొంతంగా చేసుకునే పనంతా దీని మీదే సాగుతుంది. ఆ పని రెండు రకాలు. ఒకటి, పైథాన్‌లోనూ గో భాషలోనూ రాసుకునే చిన్న ప్రోగ్రాములు. రెండోది, మిత్రులు తయారుచేస్తున్న ఒక మొబైల్ యాప్‌లోని తెలుగు వాక్యాలున్న జేసన్ ఫైళ్ళను (సమాచారాన్ని పేరు, విలువ జంటలుగా రాసి ఉంచే టెక్స్ట్ ఫైళ్ళు) సరిచూడడం. ఇవన్నీ రాయడానికి, దిద్దడానికి వాడే ఎడిటరు విషయంలో చివరిమాట ఈ రెండో పనిదే అవుతుందని మొదట్లో నాకు తోచలేదు.

బ్రౌజరులో పది ట్యాబులు, పక్కన ఒక డేటాబేస్, ఎడిటరులో రెండు ప్రాజెక్టులు తెరిచి ఉంచితే, కొట్టిన అక్షరం తెర మీదికి రావడానికి కాసేపు పట్టేది. ఏ ప్రోగ్రాము ఎంత ర్యామ్ తింటోందో చూపే హెచ్‌టాప్ తెరిచి చూస్తే, ఒక్క ఎడిటరు పేరు మీదే పదికి పైగా ప్రాసెసులు బారులు తీరి కనబడేవి. ఒక రాత్రి యంత్రం అలా మూలుగుతూ ఉన్నప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, గంటన్నరగా రాసినది నేను సేవ్ చేయలేదు. అందులో ఎడిటరు తప్పేమీ లేదు, పూర్తిగా నాదే. అయినా చీకట్లో కూర్చుని ఉండగా, ఈ యంత్రానికి ఈ బరువు తగదు అన్న సంగతి మాత్రం స్పష్టంగా అర్థమైంది.

ముందు ర్యామ్ పెంచుదామనే ఎస్.పి. రోడ్డుకు వెళ్ళాను. "డీడీఆర్3 కొత్తది దొరకడం కష్టం సార్, సెకండ్ హ్యాండ్ ఇస్తాను గానీ గ్యారంటీ మాత్రం అడగొద్దు" అన్నాడు దుకాణంలోని చిత్తూరు కుర్రవాడు. అతని నిజాయితీ నచ్చింది, సరుకు నచ్చలేదు. ఖాళీ చేతులతో తిరిగి వచ్చాను.

మా పై అంతస్తులో ఉండే అనంతపురం అబ్బాయి, ఇంకో తేలికైన ఎడిటరు కోసం నా వెతుకులాట చూసి నవ్వాడు. "అన్నా, లోకమంతా విఎస్ కోడ్ వాడుతుంటే నీకొక్కడికే ఎందుకీ తిప్పలు?" అని అడిగాడు. అతని మాటలో న్యాయం ఉంది. ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో వారి 2023 సర్వేలో సమాధానమిచ్చిన ప్రోగ్రామర్లలో ప్రతి నలుగురికీ ఇంచుమించు ముగ్గురు దాన్నే వాడుతున్నామని చెప్పారు. మైక్రోసాఫ్ట్ వారి ఆ ఎడిటరు 2015 ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. ఉచితం, ఏ భాషకైనా ఎక్స్‌టెన్షన్ (అదనపు సదుపాయాన్ని చేర్చే చిన్న ప్రోగ్రాము) దొరుకుతుంది, సందేహం వస్తే సమాధానం ముందే ఎవరో రాసిపెట్టి ఉంటారు. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు ఎవరైనా అడిగితే నేనూ దాని పేరే చెబుతాను. అయితే అది ఎలక్ట్రాన్ మీద నడుస్తుంది. ఎలక్ట్రాన్ అంటే క్రోమియం బ్రౌజరునూ, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజరు బయట నడిపే నోడ్‌నూ ఒకే మూటగా కట్టి, ఆ మూటనే డెస్క్‌టాప్ అప్లికేషనుగా నడిపే ఏర్పాటు. అప్పటికే ఒక బ్రౌజరు తెరిచి ఉన్న 8 జీబీ యంత్రంలో అది రెండో బ్రౌజరును తెరిచినట్టే అవుతుంది.

దానికి ఇంకో మెలిక కూడా ఉంది. విఎస్ కోడ్ మూల కోడు ఎంఐటి లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉన్నా, మనం డౌన్‌లోడ్ చేసుకునే తయారు ప్రోగ్రాముకు మైక్రోసాఫ్ట్ వారి వేరే లైసెన్సు ఉంటుంది, వాడకపు వివరాలను పంపే టెలిమెట్రీ కూడా అందులో ఉంటుంది. అవి వద్దనుకునేవారి కోసం అదే మూల కోడు నుంచి విఎస్‌కోడియం అనే ప్రోగ్రామును తయారుచేసి ఇస్తున్నారు. అయితే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ల అంగడిని వాళ్ళ సొంత ఉత్పత్తులకు తప్ప వాడకూడదన్న షరతు ఉన్నందువల్ల, విఎస్‌కోడియం ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ విఎస్ఎక్స్ అనే మరో అంగడి మీద ఆధారపడుతుంది. పైథాన్‌కు బాగా పేరున్న పైలాన్స్ ఎక్స్‌టెన్షన్ అక్కడ ఉండదు, దాని బదులు పైరైట్ పెట్టుకోవాలి. నేను రెండు వారాలు వాడి చూశాను, పనికి లోటేమీ రాలేదు. కానీ ర్యామ్ బరువు అదే కదా, నా మూల సమస్య అక్కడే ఉండిపోయింది.

వెతకడానికి కూర్చున్నాక నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆటమ్. గిట్‌హబ్ వారు 2014లో తెచ్చిన ఆ ఎడిటరు నా మొదటి ఉద్యోగంలో నా రోజువారీ పనిముట్టు. నిజానికి ఎలక్ట్రాన్ పుట్టింది దాని కోసమే, తొలిరోజుల్లో దాని పేరే ఆటమ్ షెల్. 2018లో గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది, 2022 డిసెంబరు 15న ఆటమ్ ప్రాజెక్టును మూసి భద్రపరిచారు. కోడు బహిరంగంగా ఉంది కాబట్టి కొందరు ఔత్సాహికులు దాన్ని పల్సర్ అనే పేరుతో ముందుకు తీసుకువెళుతున్నారు. ఈ చరిత్ర వల్ల నేను ఒక షరతు పెట్టుకున్నాను. ఎడిటరు వెనక ఒక్క కంపెనీ మాత్రమే ఉండకూడదు, ఉన్నా దాని కోడు పదిమంది చేతికి అందేలా ఉండాలి. ఆ షరతుతోనే సబ్లైమ్ టెక్స్ట్ పక్కకు వెళ్ళిపోయింది. సిడ్నీకి చెందిన జాన్ స్కిన్నర్ 2008లో విడుదల చేసిన ఆ ఎడిటరు వేగంలో ఇప్పటికీ చాలామందికి ఆదర్శం. ఒకేసారి పదిచోట్ల కర్సర్లు పెట్టి దిద్దడాన్ని మన తరానికి అలవాటు చేసింది కూడా అదే. లైసెన్సు ధర 99 డాలర్లు, కొనకుండా వాడుకున్నా గడువంటూ లేదు, అప్పుడప్పుడు కొనమని గుర్తుచేస్తుందంతే. కోడు మాత్రం మూసి ఉంటుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ విండోస్‌కే పరిమితం కనుక దాని ఊసే రాలేదు. ఆటమ్‌ను సృష్టించినవారే రస్ట్ భాషలో మళ్ళీ మొదటినుంచి కట్టిన జెడ్ నన్ను బాగా ఊరించింది. 2024 జనవరిలో దాని కోడు బహిరంగమైంది, అదే ఏడాది జూలైలో లినక్స్‌కు వచ్చింది. కానీ అది తెర మీది ప్రతిదాన్నీ గ్రాఫిక్స్ చిప్‌తోనే గీయిస్తుంది, లినక్స్‌లో అందుకు వల్కన్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ కావాలి. నా నాలుగో తరం ఐ5 లోని గ్రాఫిక్స్‌కు వల్కన్ మద్దతు అసంపూర్ణమని డ్రైవరే హెచ్చరిక చూపిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పదేళ్ళ కిందట ఇలాంటి వెతుకులాటకు అర్థమే ఉండేది కాదు. అప్పట్లో ఒక ఫంక్షన్ ఎక్కడ రాశామో దూకి చూపించడం, పేరు సగం కొట్టగానే మిగతాది అందించడం, తప్పు కింద ఎర్రగీత గీయడం వంటి తెలివితేటలన్నీ ఎడిటరు లోపలే ఉండాలి. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే రెండువందల సార్లు అదే పని ఎవరో ఒకరు చేయవలసి వచ్చేది. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఆ లెక్కను మార్చింది. భాషకు సంబంధించిన జ్ఞానమంతా సర్వరు అనే వేరే ప్రోగ్రాములో ఉంటుంది. ఎడిటరు "ఈ ఫైలులో, ఈ లైనులో, ఈ స్థానంలో ఉన్న పేరు ఎక్కడ పుట్టింది?" అని జేసన్ రూపంలో అడుగుతుంది, సర్వరు జవాబు చెబుతుంది. ఒకసారి రాసిన సర్వరు అన్ని ఎడిటర్లకూ పనికి వస్తుంది. గోకు గోపిఎల్‌ఎస్, రస్ట్‌కు రస్ట్ ఎనలైజర్, సికి క్లాంగ్‌డి అలా వచ్చినవే. కనుక నేను ఏ ఎడిటరుకు మారినా నా గో ప్రోగ్రాములకు అందే సాయం ఇంచుమించు ఒక్కటే. తేడాలు మిగిలేది వేగంలో, కీబోర్డు అలవాట్లలో, అక్షరాలను చూపించే తీరులో. మాటవరసకు ఒక చిన్న ముచ్చట. ఈ ప్రోటోకాల్ లైనులోని స్థానాన్ని మొదటినుంచీ యుటిఎఫ్-16 అనే అక్షర సంకేత పద్ధతి ప్రమాణాలలో లెక్కపెడుతుంది, వేరే లెక్కను కుదుర్చుకునే వీలు 2022లో గానీ రాలేదు. తెలుగు సంకేతాలు ఒక్కొక్కటీ ఒక్క ప్రమాణంలోనే ఇమిడిపోతాయి కాబట్టి మనకు ఇబ్బంది లేదు. అదే లైనులో ఎమోజీ ఉంటే మాత్రం రెండు పడతాయి, లెక్కలో అజాగ్రత్తగా ఉన్న ఎడిటరులో ఎర్రగీత పక్క అక్షరం కిందికి జరుగుతుంది.

అక్షరాలను చూపించే తీరు అన్నాను కదా, నా అసలు గొడవంతా అక్కడే ఉంది.

'స్త్రీ' అన్న పదం తీసుకుందాం. కంటికి అది ఒక్క అక్షరం. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు సంకేతాలు, యుటిఎఫ్-8లో ఒక్కొక్కదానికి 3 చొప్పున మొత్తం 18 బైట్లు. ఈ ఆరింటినీ కలిపి ఒక ముద్దగా గీయడానికి షేపింగ్ అనే ప్రక్రియ కావాలి. లినక్స్‌లో ఆ పనిని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఎడిటరు దాన్ని సరిగా పిలిచిందా, కర్సరును ఆ ముద్దకు ముందూ వెనకా మాత్రమే ఆపుతోందా, బ్యాక్‌స్పేస్ కొడితే ఒక్కొక్క సంకేతాన్నే చెరుపుతూ పోతుందా లేక ముద్ద మొత్తాన్నీ మింగేస్తుందా అన్నవి నేను ప్రతి ఎడిటరునూ అడిగిన మొదటి ప్రశ్నలు. మూడోదానిలో నా ఇష్టం ఒక్కొక్క సంకేతం చెరిపేదానివైపే. ఎందుకంటే 'స్త్రి'ని 'స్త్రీ'గా దిద్దడానికి గుడి ఒక్కటి తీసి దీర్ఘం పెడితే చాలు, ఒత్తులన్నీ మళ్ళీ కొట్టనక్కరలేదు.

ఈ పరీక్షలో టెర్మినల్ ఎడిటర్లు, అంటే ఆజ్ఞలు టైపు చేసే అక్షరాల తెరలోనే నడిచేవి, తడబడ్డాయి. అది ఆ ఎడిటర్ల తప్పు కూడా కాదు. టెర్మినల్ అంటే సమానమైన గళ్ళు గీసిన కాగితం వంటిది. ఒక గడిలో ఒక అక్షరం అన్న లెక్క మీద అది పుట్టింది. ఒత్తు కిందికి దిగి, గుణింతం పైకెక్కి, పక్క గడిలోకి కూడా కాస్త జరిగే మన లిపికి ఆ గళ్ళు సరిపోవు. చాలా టెర్మినళ్ళలో 'స్త్రీ' విడిపోయి స్, త్, రీ అన్న మూడు ముక్కలుగా కనబడుతుంది. విమ్, నియోవిమ్, హీలిక్స్ మూడూ ఈ కారణంగానే నా తెలుగు ఫైళ్ళకు పనికి రాలేదు.

అలాగని విమ్‌ను వదలలేను. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన వి ఎడిటరు అడుగుజాడల్లో, 1991లో బ్రామ్ మూలెనార్ విమ్‌ను విడుదల చేశారు. కర్సరును కదపడానికి హెచ్, జె, కె, ఎల్ కీలే ఎందుకని కొత్తవాళ్ళు విసుక్కుంటారు. బిల్ జాయ్ వాడిన ఎడిఎం-3ఎ టెర్మినల్ కీబోర్డులో బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే అచ్చువేసి ఉండేవి, ఎస్కేప్ కీ ఇప్పుడు మన ట్యాబ్ ఉన్న చోట ఉండేది. కనుక అప్పట్లో అది చేతికి అందిన ఏర్పాటే, దూరం పెరిగింది ఆ తర్వాత వచ్చిన కీబోర్డులలో. విమ్‌ను ఫైలు పేరు లేకుండా తెరిస్తే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని ఒక లైను ఇప్పటికీ కనబడుతుంది. మూలెనార్ 2023 ఆగస్టులో కన్నుమూశారు. దూరంలోని సర్వర్లలోకి ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిలో లాగిన్ అయి ఒక కాన్ఫిగ్ ఫైలు దిద్దవలసి వస్తే నాకు అదే దిక్కు, అది ఉండని యంత్రం అరుదు.

తెలుగులోనూ విమ్ నన్ను ఒక్కసారి కాపాడింది, ఆ సంగతి చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. యాప్‌లో 'డౌన్‌లోడ్' అన్న మాటను అన్ని చోట్లా 'దించుకోండి' అని మార్చాలనుకున్నాం. ఎడిటరులో వెతికి, మార్చి, పంపేశాను. మర్నాడు చూస్తే సగం చోట్ల పాత మాటే ఉంది. కంటికి రెండు మాటలూ అచ్చంగా ఒక్కలాగే ఉన్నాయి. ఫైలును విమ్‌లో తెరిచాక అసలు కథ బయటపడింది. మారిపోయిన చోట్ల పొల్లుకూ 'లో'కూ మధ్య ఏమీ కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం ఒకటి ఉండేది. మిగిలిపోయిన చోట్ల దానికి బదులు, ఎవరి కీబోర్డు నుంచి వచ్చిందో గానీ, అదే సంకేతం రెండుసార్లు పడింది. అది న కింద ల ఒత్తు పడకుండా అడ్డుపడుతుంది, అందుకే తెలుగులో ఇంగ్లీషు మాటలు రాసేటప్పుడు అందరమూ దాన్ని వాడతాం. ఒకటి ఉన్నా రెండున్నా తెర మీద తేడా ఉండదు. విమ్ మాత్రం దాన్ని దాచకుండా కోణాకారపు బ్రాకెట్లలో 200సి అని దాని సంఖ్యను రాసి చూపించింది. అందంగా చూపించలేని పనిముట్టే ఉన్నదున్నట్టు చూపించింది.

ఈమాక్స్ అనే ఎడిటరు విషయంలో నా మనసు ఇంకా పీకుతూనే ఉంటుంది. 1976లో రిచర్డ్ స్టాల్‌మన్ చేతిలో మొదలైన ఆ సంప్రదాయం నా కన్నా వయసులో చాలా పెద్దది. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అది హార్ఫ్‌బజ్‌ను వాడుతోంది కనుక 'స్త్రీ' ఒక్క ముద్దగా చక్కగా కనబడింది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో తెలుగు కొట్టే సదుపాయం దానిలోనే ఉంది, బయట మరో ప్రోగ్రాము పెట్టుకోనక్కరలేదు. 2023లో వచ్చిన 29వ వెర్షన్‌తో లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే ఎగ్లాట్ కూడా లోపలే వచ్చేసింది. కర్సరు కింద ఉన్న అక్షరం పుట్టుపూర్వోత్తరాలు అడిగితే దాని సంకేతం, పేరు, వాడుతున్న ఫాంటు అన్నీ ఒక పేజీ నిండా చెబుతుంది. ఇన్ని ఉన్నా మూడు వారాలకే నా ఎడమ చిటికెనవేలు మొరాయించింది. ప్రతి ఆజ్ఞకూ కంట్రోల్ నొక్కి పట్టుకోవాలి. క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోమని అందరూ చెప్పే సలహా పాటించాను, అప్పుడు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో క్యాప్స్ లాక్ పడి పాస్‌వర్డు తప్పడం మొదలైంది. ఇరవై ఏళ్ళ వయసులో మొదలుపెట్టి ఉంటే ఈమాక్స్‌లోనే స్థిరపడేవాణ్ణేమో.

జీనీ అనే ఎడిటరు తేలికైనదే, నేను తెరిచిన రోజే మూసేశాను, దానికి ప్రత్యేకమైన కారణమంటూ ఏమీ లేదు.

చివరికి కుదిరింది కేట్‌తో. లినక్స్‌కు డెస్క్‌టాప్‌ను తయారుచేసే కేడీఈ ప్రాజెక్టులో 2001 నుంచి భాగంగా ఉన్న ఈ ఎడిటరు అప్పటికే నా లినక్స్‌లో ఉంది. లాగ్ ఫైళ్ళు చూడడానికి తప్ప దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. ఇంట్లో ఉన్న మనిషి విలువ తెలియకపోవడమంటే ఇదే కాబోలు. అది క్యూటి అనే లైబ్రరీ మీద కట్టినది, బ్రౌజరును మోసుకు తిరగదు. షేపింగ్‌కు క్యూటి కూడా హార్ఫ్‌బజ్‌నే ఆశ్రయిస్తుంది. 'స్త్రీ' పరీక్షలో కర్సరు ముద్ద మధ్యలో చిక్కుకోలేదు, బ్యాక్‌స్పేస్ నేను కోరినట్టే దీర్ఘాన్ని మాత్రం తీసింది. 2019 డిసెంబరు వెర్షన్ నుంచి లాంగ్వేజ్ సర్వర్ల ప్లగిన్ దానితోనే వస్తోంది. గోపిఎల్‌ఎస్, పైథాన్ సర్వర్లు యంత్రంలో ఉంటే చాలు, ప్లగిన్‌కు ఎదురుగా టిక్కు పెట్టగానే వాటిని అదే కనుక్కుంది. కింద టెర్మినల్, పక్కన ఫైళ్ళ చెట్టు, వి అలవాటున్నవారి కోసం వి ఇన్‌పుట్ మోడ్ ఉన్నాయి. సేవ్ చేయని మార్పులను అది ఒక స్వాప్ ఫైలులో రాసిపెట్టుకుంటూ ఉంటుంది. జూలైలో మళ్ళీ కరెంటు పోయి వచ్చాక అదే ఫైలు తెరిస్తే, సేవ్ కాని మార్పులు ఉన్నాయి, తిరిగి తెమ్మంటారా, ముందు తేడా చూస్తారా అని పైన ఒక పట్టీలో అడిగింది. తేడా చూసి, తెమ్మన్నాను.

కష్టాలు లేకపోలేదు. కోడు రాయడానికి నేను వాడే ఫాంటులో తెలుగు లేదు. కనుక తెలుగు అక్షరం రాగానే ఎడిటరు నోటో సాన్స్ తెలుగును అరువు తెచ్చుకుంటుంది. ఆ రెండింటి ఎత్తులు కలవవు, 'స్త్రీ' కింది ఒత్తుల అడుగు తెగిపోయి కనబడేది. లైన్ల ఎత్తును పెంచే సెట్టింగును కొంచెం ఎక్కువ చేశాక ఒత్తులు పూర్తిగా బయటపడ్డాయి గానీ, తెర మీద పట్టే లైన్లు తగ్గిపోయాయి. జేసన్‌లో ఇంగ్లీషు నిలువు వరుసగా నిలబడుతుంది, తెలుగు నిలబడదు. దీనికి నా దగ్గర మందు లేదు. వేరే ఊళ్ళో ఉన్న సర్వరులోని ప్రాజెక్టును ఇక్కడి యంత్రంలో ఉన్నట్టే తెరిచి పనిచేయడంలో విఎస్ కోడ్‌కు కేట్ సాటి రాదు. నాకు ఆ అవసరం నెలకు ఒకటి రెండుసార్లు వస్తుంది, అప్పుడు విమ్‌తో సరిపెట్టుకుంటున్నాను. ఎక్స్‌టెన్షన్లు అంగట్లో ఏరుకోవడం అలవాటైన వారికి కూడా ఇది బోసిగా తోస్తుంది.

మొన్న ఆదివారం పై అంతస్తు తమ్ముడు కిందికి వచ్చి, హెచ్‌టాప్‌లో నా ఎడిటరు ఎంత తింటోందో చూసి, "అన్నా, నేనూ మారిపోనా?" అని అడిగాడు. అతని ల్యాప్‌టాప్‌లో 32 జీబీ ర్యామ్ ఉంది, రాసేది జావాస్క్రిప్ట్, పనంతా కంపెనీ సర్వర్ల మీద. మారవలసిన అవసరం అతనికి ఒక్కటీ కనబడలేదు, అదే చెప్పాను. కాస్త నిరుత్సాహపడ్డాడు గానీ, వెళ్ళే ముందు ఆ కనబడని 200సిని తన ఎడిటరులో వెతకడం ఎలాగో అడిగి తెలుసుకున్నాడు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (నమూనా ఇచ్చి వెతికే) వెతుకుడు పెట్టుకుని ఆ సంఖ్యను ఇస్తే చాలునని చూపించాను. వాళ్ళ యాప్ తెలుగు ఫైలులో ఇంటికి వెళ్ళగానే వెతికి, ఎక్కడెక్కడ జంటగా పడ్డాయో లెక్కపెట్టి రాత్రి పదింటికి మెసేజ్ పెట్టాడు.